వద్దంటే గుర్తుండాలి

"భారీ వాహనాలను వంతెన మీదికి అనుమతించేది లేదని అధికారులు... మీ గోప్యత మాకు ముఖ్యం. అన్నీ అంగీకరించండి."

సోమవారం పొద్దున్న ఏడుంబావుకు రేడియోలో ఈ వార్త విన్నవాళ్ళు వంతెనకూ గోప్యతకూ ఏమిటి సంబంధమని బుర్ర గోక్కున్నారు.

చదువుతున్న అమ్మాయికి గోక్కునే తీరిక లేదు. తెర మీద వార్తను సగం మింగేసి ఒక తెల్లటి పెట్టె కూర్చుని ఉంది. ఆమె ఒక్క క్షణం ఆగి, "క్షమించాలి, ఇప్పుడు చదివింది వార్త కాదు, వెబ్‌సైటు వాళ్ళ మర్యాద" అని, ఆ పెట్టెను పక్కకు నెట్టి, మళ్ళీ వంతెన ఎక్కేసింది.

అద్దానికి ఇవతల కంట్రోల్ రూములో నిలబడ్డ కుర్రాడికి ఆ మాటకు నవ్వొచ్చింది. వచ్చిన నవ్వు వచ్చినట్టే ఆగిపోయింది. ఆ కంప్యూటర్‌ను నిన్న సాయంత్రం తెచ్చి బిగించింది అతనే మరి.

స్టేషన్లో అతన్ని అందరూ రిపేరు అంటారు. మైకు పలకకపోయినా, ఫ్యాను తిరగకపోయినా, డైరెక్టర్ గారి పెన్ను రాయకపోయినా రిపేరుకే కబురు వస్తుంది. ఆ అమ్మాయిని చదువరి అంటారు. ఆమె చేసే కార్యక్రమం పేరు 'పొద్దుటి పేపరు'. చూపు లేనివాళ్ళ కోసం, చూపున్నా అక్షరాలు అలుక్కుపోయేవాళ్ళ కోసం, తొమ్మిది పత్రికల వెబ్‌సైట్లు చూసి ముఖ్యమైనవి ఏరి ఏడింటి నుంచి ఎనిమిదింటి దాకా చదువుతుంది. చివరి పావుగంట శ్రోతలు ఫోన్ చేసి తమకు కావలసిన పేజీ అడగొచ్చు. ఎవరు ఏం అడుగుతారో ముందు తెలియదు. అడిగిన క్షణాన ఆ పేజీ తెరిచి చదవాలి. మూడేళ్ళుగా ఆ పని ఆమె ఒంటిచేత్తో లాక్కొస్తోంది.

రిపేరు ఆ స్టేషన్లో చేరి ఏడాదైంది. తొమ్మిదింటికి రావలసినవాడు ఏడింటికే వచ్చి, కేబుళ్ళు చూసుకుంటున్నట్టు నటిస్తూ ఆమె చదవడం చూస్తుంటాడు. మరణవార్త చదివేటప్పుడు ఆమె గొంతు ఎంత తగ్గుతుందో, ధరల పట్టిక దగ్గర ఎంత నెమ్మదిస్తుందో, ఏ కామా దగ్గర ఊపిరి తీసుకుంటుందో అతనికి కంఠతా వచ్చు. ఇన్నాళ్ళలో ఆమెతో మాట్లాడింది మాత్రం రెండే రెండు ముక్కలు. ఒకటి గుడ్ మార్నింగ్, రెండోది ఆ వైరు తొక్కకండి.

ఎనిమిదింటికి ప్రసారం ముగిసి, స్టూడియో మీది ఎర్ర దీపం ఆరింది. తలుపు తెరుచుకుంది.

"ఈ కొత్త కంప్యూటర్ పెట్టిన మహానుభావులు మీరేనా?"

"నేనేనండి. కానీ ఆ పెట్టెలు కంప్యూటర్ వల్ల రావు మేడమ్. మీరు కనబడిన ప్రతిచోటా యస్ నొక్కేస్తుంటారు, అందుకే వస్తాయి."

చదువరి హెడ్‌ఫోన్ మెడలోకి లాక్కుని అతన్ని కింది నుంచి పై దాకా చూసింది.

"పాత కంప్యూటర్లో మూడేళ్ళు చదివాను. వార్త మధ్యలో ఒక్క పెట్టె రాలేదు. మీ కొత్తది వచ్చి ఒక్క పూట కాలేదు, లైవ్‌లో నా పరువు తీసింది. పైగా తప్పు నాదా?"

ముక్కు చివర కోపం ఎర్రగా కనిపిస్తుంటే ఈమె ఇంత బాగుంటుందా అనుకున్నాడు రిపేరు. అనుకోవలసిన సమయం అది కాదని వెనక నుంచి వచ్చిన దగ్గు చెప్పింది. డైరెక్టర్ గారు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"అమ్మా, పై నుంచి ఎప్పటినుంచో అడుగుతున్నారు. పేపర్ చదవడానికి మనిషెందుకు, మెషీన్ గొంతు పెట్టుకోవచ్చు కదా అని. నేనే ఆపుతున్నాను. ఇవాళ్టి సంగతి వాళ్ళూ విన్నారు. శుక్రవారం రెండూ వింటాను. మీది లైవ్‌లో, మెషీన్‌ది నా గదిలో. మెషీనే నయమనిపిస్తే పై సోమవారం నుంచి అదే చదువుతుంది. మీకు సాయంత్రం ప్రకటనలు ఇస్తాను."

ఆమె ముఖంలో రంగు పోయింది. ఉద్యోగం పోదు. పొద్దుటి పేపరు పోతుంది.

"నాకు రోజూ ఫోన్ చేసేవాళ్ళకి ఏం చెప్పమంటారు సార్?"

డైరెక్టర్ గారు వాచీ చూసుకుని వెళ్ళిపోయారు. ఆయన చెడ్డవాడు కాదు. పైవాళ్ళ ముందు మొహమాటస్తుడు, అంతే.

"మేడమ్," అన్నాడు రిపేరు, ఛాతీ కాస్త విరుచుకుని. "రేపటికల్లా ఒక్క పెట్టె కూడా రాదు. పూచీ నాది."

ఆ మధ్యాహ్నం చదువరి తొమ్మిది సైట్లూ తెరిచి, ఒక్కో పెట్టెకూ ఓపిగ్గా వద్దని చెప్పింది. ఆమె వెళ్ళాక రిపేరు వచ్చి కూర్చున్నాడు. ఈ గొడవంతా సైట్లు మన కంప్యూటర్లో దాచిపెట్టే కుకీలనే గుర్తుల వల్ల కదా, అసలు కుకీలే లేకుండా చేస్తే పీడ విరగడవుతుందనుకున్నాడు. బ్రౌజర్ సెట్టింగుల్లోకి వెళ్ళి, మూసిన ప్రతిసారీ కుకీలన్నీ చెరిపేసేలా పెట్టాడు. చేతులు దులుపుకుని ఇంటికి వెళ్ళాడు.

ఇంట్లో నాన్న చొక్కాకు బొత్తాలు కుడుతున్నాడు. ముప్పై ఏళ్ళు దర్జీ పని చేసిన మనిషి. కళ్ళు పోయి ఆరేళ్ళయినా వేళ్ళు మాత్రం ఇంకా అంగుళం తప్పవు.

"ఏరా, వంతెన మీద గోప్యత ఏమిట్రా ఇవాళ? మీ స్టేషన్ కంప్యూటర్లు చూసేది ఎవడో గానీ..."

"నేనే నాన్నా."

"తెలుసులే. అందుకే అన్నాను."

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట లేచేది రేడియో. వారానికి నాలుగు సార్లయినా ఆయన ఫోన్ చేసి వాతావరణం పేజీ చదివించుకుంటాడు. చదువరికి ఆయన దర్జీ గారుగా తెలుసు, ఎవరి నాన్నో తెలియదు. చెప్పొద్దని కొడుకుతో ఒట్టు వేయించుకున్నాడు. తోటి ఉద్యోగి నాన్న కదా అని మొహమాటానికి చదివే చదువు తనకు అక్కర్లేదట.

"శుక్రవారం తేలుతుంది నాన్నా. మెషీన్ గొంతు పెడతారేమో."

దర్జీ చేతిలో సూది ఆగింది.

"ఆ పిల్ల గొంతు తీసేస్తారా?" అన్నాడు.

మంగళవారం పొద్దున్న రిపేరు దర్జాగా చేతులు కట్టుకుని అద్దం వెనక నిలబడ్డాడు. మొదటి సైటు తెరవగానే పెట్టె వచ్చింది. రెండో సైటుకు రెండో పెట్టె. మూడోది అడుగు నుంచి పైకి జారుతూ వచ్చింది, నాలుగోది తెర మొత్తం నల్లగా చేసి నడిమధ్యన నిలబడింది. రిపేరు కట్టుకున్న చేతులు విప్పాడు.

చదువరి చెక్కుచెదరలేదు. ఒక చేత్తో పెట్టెలు మూస్తూ, కళ్ళకు దొరికిన రెండు లైన్లతో మూడో లైను ఊహించుకుంటూ, మాట తడబడకుండా చదువుకుపోయింది. అద్దంలోంచి మాత్రం ఒకే ఒక్క చూపు విసిరింది. ఆ చూపు రిపేరు చొక్కా కాలరు దాకా వచ్చి తగిలింది.

ఏడూ నలభై ఎనిమిదికి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, నేను దర్జీని. వాతావరణం చదువు తల్లీ."

"చదువుతానండీ. ఒక్క నిమిషం, ఏదో పెట్టె అడ్డొచ్చింది."

"ఏమంటోంది ఆ పెట్టె? అది కూడా చదువు. నిన్నటి నుంచీ వింటున్నాం, మాకూ తెలియాలి కదా."

చదువరి వార్త చదివినంత గంభీరంగా అందుకుంది. "మేమూ, మా ఆరు వందల ముప్పై మంది భాగస్వాములూ మీ పరికరంలో సమాచారం భద్రపరచడానికి మీ అనుమతి కోరుతున్నాము."

"ఆరు వందల ముప్పై మందా! నేనడిగింది వాన పడుతుందా లేదా అని. అంత మంది దేనికమ్మా, పెళ్ళికా?"

"పిలవని పెళ్ళేనండి. ఏం చెప్పమంటారు?"

"వద్దని చెప్పు. మర్యాదగానే చెప్పు."

"వద్దన్నానండీ. ఇక వాతావరణం. మధ్యాహ్నం తరువాత ఓ మోస్తరు వాన."

కంట్రోల్ రూములో డ్యూటీ ఇంజినీరు కడుపు పట్టుకుని నవ్వాడు. రిపేరుకు నవ్వు రాలేదు. అతను ఆమెనే చూస్తున్నాడు. నిన్న పాతాళానికి తొక్కిన పెట్టెనే ఇవాళ మెట్టు చేసుకుని పైకెక్కింది. ఇంత నేర్పు తనకు జన్మలో రాదనుకున్నాడు. ఇలాంటి మనిషిని తనే గోతిలోకి దింపాడని గుర్తొచ్చి ముఖం చెల్లలేదు.

ఎర్ర దీపం ఆరగానే తనే లోపలికి వెళ్ళాడు.

"మేడమ్, తప్పు నాదే."

"ఏ తప్పు? చాలా ఉన్నాయి."

"కుకీలన్నీ చెరిగిపోయేలా పెట్టాను. వాటిల్లో మీరు నిన్న వద్దన్న సంగతి కూడా ఉంటుంది. వద్దన్నారని సైటు గుర్తుపెట్టుకోవాలన్నా దానికో చిన్న కుకీ కావాలి. నేను దాన్ని కూడా ఊడ్చేశాను. అందుకే మీరెవరో తెలియనట్టు మళ్ళీ మొదటి నుంచీ అడిగాయి. పాత కంప్యూటర్లో మీ మూడేళ్ళ వద్దులు భద్రంగా ఉన్నాయి. అందుకే రాలేదు. నిన్న మీ మీద వేసిన నింద కూడా అబద్ధమే."

తిట్లు పడతాయని తల వంచుకున్నాడు. ఏమీ పడలేదు. తలెత్తి చూస్తే ఆమె నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది.

"మూడేళ్ళ వద్దులా! అన్ని ఎప్పుడు పోగేశానండీ?"

"క్షమించారా?"

"శుక్రవారం దాకా ఆగండి. రేపు మధ్యాహ్నం నా పక్కన కూర్చుని సరిగ్గా చెయ్యండి. ఈసారి ఏం చేస్తున్నారో నాకు చెప్పి చెయ్యండి. పూచీలు మాత్రం వద్దు."

బుధవారం మధ్యాహ్నం వాన జోరుగా పడుతోంది. స్టూడియోకు కిటికీ లేదు గనుక ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. ఒక కుర్చీ, ఒక స్టూలు. స్టూలు రిపేరుది. మధ్యలో జానెడు ఖాళీ. ఆ జానెడు మీదే అతని ధ్యాసంతా ఉంది.

"ముందు నేను చేసిన పాపం కడిగేస్తాను. మూసినప్పుడు అన్నీ చెరిపేయడం తీసేశాను. ఈ తొమ్మిది సైట్లవీ ఉంచమని పేర్లు రాశాను, మిగతావి పోతే పోనీ."

"తరువాత?"

"ఒక సైటులో ఉంటే ఇంకెవరో తొంగిచూడకుండా బయటివాళ్ళ కుకీలు ఆపేశాను. దీనితో పెట్టెలు తగ్గవు గానీ వెంటబడేవాళ్ళు తగ్గుతారు. ఇప్పుడు ఒక్కో సైటుకూ మీరే వద్దు చెప్పండి. అన్నీ తిరస్కరించు అని ఉంటుంది చూడండి."

"ఎక్కడుంది? సోమవారం కూడా ఇదే వెతుకులాట. అంగీకరించేది పచ్చగా అరచెయ్యంత ఉంది. వద్దనేది భూతద్దం పెట్టినా కనబడదే."

"మరిన్ని ఎంపికలు నొక్కండి. దాని లోపల ఇంకోటి. ఇంకా లోపలికి... అదిగో."

ఆరో సైటు దగ్గర ఆమె ఆగింది. "ఇక్కడేదో చట్టబద్ధమైన ఆసక్తి అని ఉంది. ఏమిటిది?"

"అంటే మీరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా మీ మీద మాకు ఆసక్తి ఉంది, అది న్యాయమైనదే అని వాళ్ళ వాదన."

"సిగ్గు లేదూ?"

"ఉండదండి" అన్నాడు రిపేరు. తన చెవులు ఎందుకు వేడెక్కాయో అతనికి బాగానే తెలుసు. "అక్కడ కూడా అభ్యంతరం అని నొక్కాలి. నొక్కి, భద్రపరచాలి. భద్రపరచకపోతే చెప్పిందంతా గాలికి పోతుంది."

తొమ్మిదీ అయ్యేసరికి గంటంబావు పట్టింది. ఆఖరున, కొత్త సైటు ఎదురైనప్పుడు ఆమె బదులు తనే వద్దని చెప్పి పెట్టెను తీసేసే ఎక్స్‌టెన్షన్ అనే ఒక చిన్న తగిలింపును బ్రౌజర్‌కు వేశాడు. ఎక్కడపడితే అక్కడ దొరికేవి కాకుండా, బ్రౌజర్ సొంత స్టోరులో ఉన్నదే ఎంచి, అది ఏమేం అనుమతులు అడుగుతోందో పైకి చదివి మరీ వేశాడు. పెట్టెలు మాన్పడానికి వచ్చింది తనే ఒక పెట్టెతో అనుమతి అడగడం చూసి చదువరి పకపకా నవ్వింది. అంత దగ్గర నుంచి ఆ నవ్వు వినడం అతనికి అదే మొదలు.

బ్రౌజర్ మూసి, మళ్ళీ తెరిచారు. తొమ్మిది సైట్లు. పెట్టె ఒక్కటీ లేదు. వార్తలు తేటగా కనిపిస్తున్నాయి.

"మీ చేతిలో ఇంత ఓపికుందని తెలియదండీ" అంది చదువరి. "పొద్దున్నే వచ్చి కేబుళ్ళు లెక్కపెట్టుకుంటారు, అంతే అనుకున్నాను."

మెట్లు దిగితే బయట వాన. రిపేరు దగ్గర గొడుగుంది. ధైర్యం చేసి అడిగేశాడు.

"బస్టాపు దాకా దింపనా అండీ?"

"వద్దండీ" అందామె. అని చున్నీ తల మీదికి లాక్కుని, వానలోకి పరుగు తీసింది.

వద్దంది. అతను గొడుగు విప్పకుండా కాసేపు అక్కడే నిలబడ్డాడు. బాధ కలిగింది, కానీ కోపం రాలేదు. వద్దన్నవాళ్ళను మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళ పని మధ్యాహ్నమంతా పట్టింది తనే కదా. ఈ జన్మకు ఇక అడగకూడదని అక్కడే తీర్మానించుకున్నాడు.

గురువారం కార్యక్రమం గీత గీసినట్టు సాగింది. సాయంత్రం మళ్ళీ వాన. మెట్ల కింద చదువరి ముందే నిలబడి ఉంది. రిపేరు గొడుగుతో దిగాడు.

"వానండీ" అందామె.

"అవునండీ" అన్నాడతను.

"బాగా పడుతోంది."

"ఓ మోస్తరు కన్నా ఎక్కువేనండి."

ఆమె అతని గొడుగు వంక చూసింది. అతను ఆకాశం వంక చూశాడు. గొడుగు ఆమె పక్కన గోడకు ఆనించి, "నాకు లోపల పనుందండీ" అని మెట్లెక్కి పోయాడు. అది అడగడం కాదు, పెట్టి రావడం, కాబట్టి తీర్మానం తప్పలేదని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. పది నిమిషాల తరువాత దిగి చూస్తే గొడుగు అక్కడే ఉంది. మనిషి లేదు.

శుక్రవారం పొద్దున్న చదువరి తుమ్ముతూ వచ్చింది.

"జలుబా మేడమ్! ఇవాళా?" రిపేరు కంగారుపడ్డాడు.

"మీవల్లే."

"నేనేం చేశానండీ?"

"ఏమీ చెయ్యలేదు. అదే" అని స్టూడియోలోకి పోయి తలుపు వేసుకుంది. ఆ మాట ఎటు తిప్పి చూసినా అతని బుర్రకు ఎక్కలేదు. ఎక్కించుకునే వేళా కాదు. డైరెక్టర్ గారు వచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చున్నారు.

ఏడింటికి ఎర్ర దీపం వెలిగింది. జలుబుతో గొంతు కొంచెం బరువెక్కింది గానీ ఎక్కడా తెగలేదు. వేడినీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకుని, తుమ్ము వచ్చినప్పుడు మైకు స్విచ్చి నొక్కి, తుమ్మి, ఒక్క అక్షరం పోకుండా అందుకుంటోంది. తొమ్మిది సైట్లూ బుద్ధిగా ఉన్నాయి.

ఏడూ నలభై తొమ్మిదికి ఒక శ్రోత ఫోన్ చేసింది. కొడుకు పరీక్ష ఫలితాలు ఫలానా కాలేజీ సైటులో ఉన్నాయట, పిల్లాడి నంబరు చెప్పి ఆ ప్రకటన చదవమంది. తొమ్మిదిలో లేని సైటు. చదువరి తెరిచింది. పెట్టె కనబడలేదు, ఎక్స్‌టెన్షన్ దాన్ని తీసేసింది. కానీ పేజీ బిగుసుకుపోయింది. మౌస్ తిప్పితే కదలదు. పైన నాలుగు లైన్లు తప్ప ఇంకేమీ దిగిరావు. పెట్టెను మాయం చేస్తే కొన్ని సైట్లు ఇలా మొండికేస్తాయని రిపేరుకు తెలుసు. తెలిసి కూడా చెప్పడం మరిచాడు.

ఆమె నాలుగు లైన్లు చదివింది. వీలైనంత నెమ్మదిగా చదివింది. ఇక ఐదోది లేదు.

రిపేరు ఆలోచించలేదు. జేబులో ఫోన్ తీసి అదే పేజీ తెరిచాడు. పెట్టె వచ్చింది, వద్దన్నాడు. చెప్పులు గుమ్మంలో విడిచి, చప్పుడు కాకుండా స్టూడియోలోకి దూరి, ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ ఆమె కళ్ళ ముందు పట్టుకున్నాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. అతను బొటనవేలితో ఒక్కో లైను పైకి జరిపాడు. ఆమె సైగ చెయ్యలేదు, చెయ్యవలసిన అవసరం రాలేదు. ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఏ అంకె దగ్గర ఆగుతుందో ఏడాదిగా విన్నవాడు. ఆమె కళ్ళు లైను చివరకు చేరేసరికి తరువాతి లైను అక్కడ సిద్ధంగా ఉంది. రెండు పేజీలు అలా చదివింది. ఆ తల్లి అడిగిన నంబరు రాగానే ఫోన్లో కేక వినిపించింది. పిల్లాడు పాసయ్యాడు.

ఎర్ర దీపం ఆరాక కూడా రిపేరు లేవలేదు. మోకాళ్ళు పట్టేశాయి. చదువరి చెయ్యి అందించింది. పట్టుకుని లేచాడు. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

డైరెక్టర్ గారి గదిలో మెషీన్ వంతు. ఆయన కంప్యూటర్లో సైటు చిరునామాలు ఇచ్చి మీట నొక్కారు. మెషీన్ గొంతు శుభ్రంగా, ఒకే ఎత్తులో మొదలుపెట్టింది.

"మీ గోప్యతకు మేము విలువనిస్తాము. మేమూ మా భాగస్వాములూ. అన్నీ అంగీకరించు. మరిన్ని ఎంపికలు. మూసివేయి. మీ గోప్యతకు మేము విలువనిస్తాము..."

మూడో సైటు దాటినా వార్త రాలేదు. డైరెక్టర్ గారు నుదురు రుద్దుకున్నారు.

"ఏమయ్యా, దీన్ని సరిచెయ్యగలవా?"

చదువరి అతని వంకే చూస్తోంది. లేను సార్, నా వల్ల కాదు అంటే చాలు, కథ ఇక్కడితో సుఖాంతం. నాలుక చివరి దాకా వచ్చింది. ఒకసారి ఆమె ముందు అబద్ధపు పూచీ ఇచ్చి ఏమైందో గుర్తొచ్చింది.

"చెయ్యగలను సార్. రెండు రోజులు చాలు. పెట్టెలు రావు, వార్తలు చక్కగా చదువుతుంది."

చదువరి కళ్ళు దించుకుంది. అది చూసి కూడా అతను ఆగలేదు.

"కానీ సార్, చివరి పావుగంట? ఇవాళ ఆ తల్లి ఫోన్ చేసింది. మంగళవారం ఒక దర్జీ, ఆ పెట్టె ఏమంటోందో అది కూడా చదవమన్నాడు. ఆయన మా నాన్న సార్. చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు, ఈవిడకు తెలియదు. కళ్ళు పోయిన కొత్తల్లో మూడు నెలలు మాతో కూడా మాట్లాడలేదు. తరువాత కూడా ముభావంగానే ఉండేవాడు. మళ్ళీ మనస్ఫూర్తిగా నోరు విప్పింది ఈవిడకు ఫోన్ చేసి, వాన పడుతుందా అని అడగడానికి. మెషీన్ పేపర్ చదువుతుంది సార్. మా నాన్న అడిగితే జవాబు చెప్పేవాళ్ళు కావాలి."

మెషీన్ నాలుగో సైటు వాళ్ళు డైరెక్టర్ గారి గోప్యతకు ఎంత విలువిస్తారో చెబుతూనే ఉంది. ఆయన చిరాగ్గా మీట నొక్కి ఆపేశారు.

"పైవాళ్ళతో నేను మాట్లాడతాను. సోమవారం నుంచి మామూలే. అమ్మా, ముందు ఆ జలుబుకి ఏదైనా వేసుకోండి."

వరండాలోకి వచ్చాక చదువరి ఆగింది. కళ్ళు తడిగా ఉన్నాయి, అది జలుబు కాదు.

"చెయ్యగలనని ఎందుకు చెప్పారు? చెయ్యలేనంటే అయిపోయేది కదా."

"చెయ్యగలను కాబట్టి. మీరు అబద్ధం మీద గెలవకూడదండీ. గెలవాల్సిన అవసరం మీకు లేదు."

ఆమె అతన్ని అలాగే చూస్తుండిపోయింది. ఏడాదిగా అద్దం వెనక నిలబడ్డ మనిషి ఇప్పుడే మొదటిసారి పూర్తిగా కనిపించినట్టుంది.

"ఒక సంగతి అడుగుతాను. గొడుగులో రమ్మని బుధవారం అడిగారు. నిన్నెందుకు అడగలేదు?"

"మీరు వద్దన్నారు కదండీ. గుర్తుపెట్టుకున్నాను."

"ఆ వద్దు బుధవారానికండీ! శుక్రవారం ఏమవుతుందోనని గుబులుగా ఉండి, ఎవరైనా ఓ మంచి మాటంటే ఏడ్చేస్తానని పారిపోయాను. నిన్న మీరు మళ్ళీ అడుగుతారని పావుగంట మెట్ల కింద నిలబడ్డాను. గొడుగు గోడకు పెట్టి పోయారు! ఒళ్ళుమండి తడుచుకుంటూ పోయాను."

రిపేరుకు పొద్దుటి మాట ఇప్పుడు బుర్రకు ఎక్కింది. నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు.

"సైట్లు కూడా వద్దన్నాక కొన్నాళ్ళు ఊరుకుని, ఆరు నెలలకో ఏడాదికో మళ్ళీ అడుగుతాయండీ. నేనూ అంతకాలం ఆగుదామనే..."

"ఏడాదా! ఏడాది పాటు నన్ను తుమ్మమంటారా?"

"మేడమ్, ఒక్కసారి అడుగుతాను. పచ్చది అరచెయ్యంత, ఎర్రది ఆవగింజంత పెట్టి అడగడం నాకు రాదు. రెండూ ఒకే సైజు. నాకు మీరంటే ఇష్టం. కేబుళ్ళ కోసం నేను ఏ రోజూ ఏడింటికి రాలేదు. కాదన్నా ఏడింటికే వస్తాను, వైర్లు చూసుకుంటాను, ఈ మాట మళ్ళీ ఎత్తను."

చదువరి జవాబు చెప్పబోయింది. తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి. మూడోదాని తరువాత ముక్కు తుడుచుకుంటూ అంది.

"సరే."

"దేనికండీ?"

"చదివి వినిపించాలా? అన్నిటికీ సరే. ఆరు వందల ముప్పై మంది భాగస్వాములు మాత్రం వద్దు. దర్జీ గారొక్కరూ చాలు. ఆదివారం నన్ను ఆయన దగ్గరికి తీసుకెళ్ళండి."

ఆదివారం పది గంటలకు దర్జీ ఇంట్లో కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి ఉంది. ఆయన ఉతికిన చొక్కా వేసుకుని, గుమ్మానికి ఎదురుగా కుర్చీలో కూర్చున్నాడు. ఎవరొస్తున్నదీ కొడుకు చెప్పలేదు. స్నేహితులన్నాడు, అంతే.

"నమస్కారమండీ" అంది చదువరి.

జలుబు ఇంకా తగ్గలేదు, గొంతు సగమే ఉంది. ఆ సగం చాలింది. దర్జీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ ముందుకు చాచాడు. ఆమె దగ్గరికి వెళ్ళి ఆ చేతుల్లో తన చేతులు పెట్టింది. ఆయన వేళ్ళు ఆమె మణికట్టు దగ్గర ఆగి, చుట్టుకొలత తీసుకుంటున్నట్టు ఒకసారి నిమిరాయి.

"ఒరేయ్" అన్నాడు కొడుకుతో. "నాకు ముందే చెప్పొద్దూ? గొంతుకి మందేదైనా కలిపి ఉంచేవాణ్ణి."

"నువ్వు మొహమాటపడతావని నాన్నా."

"నోర్ముయ్. అమ్మాయ్, వీడు నిన్ను అడిగాడా?"

"అడిగారండీ. ఒక్కసారే."

"నువ్వేమన్నావు?"

"సరే అన్నానండీ."

దర్జీ ఆమె చెయ్యి ఒకటి వదిలి, రెండోది ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. చదువరి పక్కన బల్ల మీద ఆనాటి పేపరు చూసి, చేతిలోకి తీసుకుంది.

"ఇవాళ ఆదివారం, నా కార్యక్రమం లేదు కదా. మీకు వాతావరణం చదవనా?"

"వద్దు తల్లీ, పేపరు అక్కడ పెట్టు" అన్నాడాయన, ఆమె చెయ్యి వదలకుండా పక్క కుర్చీలో కూర్చోబెడుతూ. "మూడేళ్ళు నువ్వు చదివితే నేను విన్నాను. ఇవాళ నీ గొంతుకి సెలవు. నేను మాట్లాడతాను, నువ్వు విను. వీడు పుట్టిన రోజున ఎంత వాన పడిందో ముందు అది చెబుతాను."

ఆమె పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకుని, వినడానికి కూర్చుంది.